కుదురులేని పిల్లలు: మందు ఎప్పుడు, ఎంత, మందుకి ముందేమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏడీహెచ్‌డీ గురించే. ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ముందూ వెనకా చూడకుండా దూకెయ్యడం వయసుకి మించి ఉండి, బతుక్కి అడ్డం పడితే దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. విశాఖ పాఠకుల ప్రశ్నల్లో ఒకేలాంటివి కలిపి, మిగిలినవాటికి ఇక్కడ జవాబిస్తున్నాం. మందుల మోతాదులు రాసింది మీ డాక్టరు చెప్పేది అర్థం చేసుకోవడానికి, ఆయన్ని సరైన ప్రశ్న అడగడానికి. ఇంట్లో మీరే పెంచి తగ్గించుకోవడానికి కాదు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. టీచరు ‘ఏడీహెచ్‌డీ ఏమో, చూపించండి’ అన్నారు. మా అత్తగారేమో ‘గుంటడన్నాక ఆమాత్రం అల్లరి చెయ్యడా, వాళ్ల నాన్నా ఇంతే’ అంటున్నారు. బ్రెయిన్ స్కాన్ తీయిస్తే తేలిపోతుందా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: తేలదు. స్కాన్‌లో గానీ, మెదడు తరంగాలు కొలిచే ఈఈజీలో గానీ, రక్తపరీక్షలో గానీ ఏడీహెచ్‌డీ కనబడదు. దీన్ని తేల్చేది పిల్లాడి చరిత్ర, ఇంటివాళ్లూ టీచర్లూ చెప్పే వివరాలు.

మీ అత్తగారు తెలియకుండానే ఒక పనికొచ్చే వివరం చెప్పారు. ఇది కుటుంబాల్లో బలంగా నడిచే సమస్య. ‘వాళ్ల నాన్నా ఇంతే’ అన్న మాట జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదు, ఉండొచ్చనడానికి. ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో ఖరారు చేసిన కొలత ఇలా ఉంటుంది. ధ్యాసకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో ఆరు, లేదా అతిచురుకు, తొందరపాటులకి సంబంధించిన తొమ్మిదింటిలో ఆరు, ఆరు నెలలుగా ఉండాలి. వాటిలో కొన్నయినా పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. కనీసం రెండు చోట్ల కనబడాలి, చదువుకో స్నేహాలకో దెబ్బ తగలాలి. ఈ ‘రెండు చోట్ల’ అన్నదాన్ని చాలామంది వదిలేస్తారు. ఇంట్లో బాగానే ఉండి బడిలోనే తేడాగా ఉంటే ముందు కళ్లు, చెవులు చూపించాలి. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లాడూ పుస్తకం చూడగానే కదలడం మొదలెడతాడు కాబట్టి చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉందేమో పరీక్షించాలి. రాత్రుళ్లు నోరు తెరిచి గురక పెడుతుంటే ముక్కు వెనకుండే ఎడినాయిడ్స్ అనే కండ సంగతి తేలాలి. కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, పిలిచినా తట్టినా పలక్కపోతే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఈఈజీ పనికొచ్చేది అక్కడ. తరగతిలో అందరికంటే చిన్నవాడా అన్నదీ అడగాల్సిందే. క్లాసులో వయసు తక్కువ పిల్లలకి ఈ ముద్ర ఎక్కువ పడుతోందని చాలా దేశాల లెక్కల్లో తేలింది.

డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. వాండర్‌బిల్ట్ అనే ప్రశ్నావళి ఉంది, తల్లిదండ్రులకి 55 ప్రశ్నలు, టీచరుకి 43. ముందే అడిగి తీసుకుని రెండూ నింపించండి. పాత నోటుపుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన మాటలు పట్టుకెళ్లండి. పది నిమిషాల్లో పిల్లాణ్ని చూసి ‘ఉంది’ అన్నా, ‘లేదు’ అన్నా నమ్మక్కర్లేదు. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు ఇలాంటి పిల్లలు ఎంతో బుద్ధిగా కూర్చుంటారు. ప్రభుత్వ వైద్యంలో అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలోగానీ, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోగానీ మొదలుపెట్టండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా పాపకి నాలుగున్నరేళ్లు. ఒక్కచోట నిలవదు, కొడుతుంది, చెయ్యి వదిలితే రోడ్డు మీదకి పరుగు. మందు రాయమంటే డాక్టరు ‘ముందు మీకు శిక్షణ కావాలి’ అన్నారు. అంటే తప్పు మా పెంపకానిదా?
– ఒక తండ్రి, సీతమ్మధార

జవాబు: తప్పు మీది కాదు గానీ, శిక్షణ మాత్రం మీకే. డాక్టరు గారు సరిగ్గానే చెప్పారు. అయిదేళ్లలోపు పిల్లలకి మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణేనని బ్రిటన్ 2018 మార్గదర్శకాలు, ఆరేళ్లలోపు అదేనని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ వయసులో మందు పనిచెయ్యదని కాదు, పెద్ద పిల్లల్లో కంటే తక్కువ పనిచేస్తుంది, చిరాకు, ఏడుపు లాంటి ఇబ్బందులు ఎక్కువ వస్తాయి. శిక్షణ తర్వాత కూడా ప్రమాదకరంగానే ఉంటే అప్పుడు మందు ఆలోచిస్తారు.

శిక్షణలో మొదటి మెట్టు ఆట. రోజూ పది, పదిహేను నిమిషాలు ఫోను వేరే గదిలో పెట్టి, పాప ఏది ఆడితే అదే మీరూ ఆడాలి. ప్రశ్నలడగొద్దు, రంగుల పేర్లు నేర్పొద్దు, ‘అలా కాదు ఇలా’ అనొద్దు. చేస్తున్నదాన్ని పైకి చెబుతూ ఉంటే చాలు. ఎక్కువమంది తండ్రులు దండగనుకుని దాటేసే మెట్టు ఇదే. పొద్దస్తమానం తిట్లు మాత్రమే వినిపించే గొంతు నుంచి మెచ్చుకోలు వచ్చినా పిల్లలకి పట్టదు, అందుకే ముందు ఇది.

తర్వాత మెచ్చుకోవడం. ‘గుడ్ గర్ల్’ అంటే ఏది చేసినందుకో పాపకి తెలియదు. ‘పిలవగానే వచ్చావే!’ అంటే తెలుస్తుంది. చేసిన క్షణంలోనే అనాలి. ఆ తర్వాత పని చెప్పడం. వంటింట్లోంచి కేకెయ్యకుండా దగ్గరికి వెళ్లి, పేరు పిలిచి, కళ్లలోకి చూసి, ఒకే ఒక్క పని చెప్పండి. ‘బొమ్మలు సర్దుదామా?’ అని అడిగితే ‘వద్దు’ అనడానికి మీరే సందిచ్చినట్టు. ‘బొమ్మలు బుట్టలో వెయ్యి’ అని చెప్పి, మనసులో అయిదు లెక్కపెడుతూ మాట్లాడకుండా నిలబడండి. ఆ అయిదు సెకన్లలో మళ్లీ మళ్లీ చెప్పడం వల్లే సగం పనులు చెడతాయి.

చెప్పిన పని చేస్తే స్టిక్కరు ఇచ్చే పద్ధతి రెండు మూడు పనులకే పెట్టండి. బహుమతి అదే రోజు అందాలి. ఆదివారం బీచ్‌కి తీసుకెళ్తామని సోమవారం చెబితే నాలుగున్నరేళ్ల పాపకి అది వచ్చే జన్మతో సమానం. ఒకసారి సంపాదించుకున్న స్టిక్కరు వెనక్కి లాక్కోవద్దు. నాన్నమ్మ ఊరికే చాక్లెట్ ఇచ్చేస్తుంటే స్టిక్కరుకి విలువ పోతుంది కాబట్టి ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలి.

గారాల ఏడుపుని పట్టించుకోకపోవడం అన్నిటికన్నా కష్టం. మొదలెట్టిన కొద్దిరోజులు ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. రెండురోజులు ఓర్చుకుని మూడోరోజు లొంగిపోతే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టే. చివరిదాకా నిలబడగలిగితేనే మొదలుపెట్టండి. కొట్టడం, రోడ్డు మీదకి పరిగెత్తడం మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవి కావు. వాటికి వెంటనే ఒక కుర్చీలో నాలుగు నిమిషాలు కూర్చోబెట్టండి, వయసుకి ఏడాదికొక నిమిషం లెక్కన. చీకటి గది, బాత్రూము వద్దు. ఆ నాలుగు నిమిషాల్లో ఉపన్యాసమూ వద్దు. కొట్టే అలవాటు మాన్పించడానికి కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, 28 కిలోలు. మిథైల్‌ఫెనిడేట్ 5 మి.గ్రా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మూడు వారాలుగా ఇస్తున్నాం. టీచరు ఏం తేడా లేదంటున్నారు. లంచ్ బాక్సు అలాగే తిరిగొస్తోంది. సాయంత్రం అయిదింటికి ఊరికే ఏడుస్తుంది. మందు పడలేదని మానేద్దామా?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: ఇంకా మానకండి. మందు పనిచెయ్యలేదని తేల్చడానికి ముందు అది సరిగ్గా ప్రయత్నించామా అన్నది చూడాలి. మీ ఉత్తరం చూస్తే ఇంకా ప్రయత్నించినట్టు లేదు.

5 మి.గ్రా. రెండుసార్లు అన్నది మొదలుపెట్టే మోతాదు, ఆగిపోయే మోతాదు కాదు. మామూలుగా వారానికి ఒకసారి రోజు మొత్తం మీద 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున పెంచుతూ వెళ్తారు. మంచి ఫలితం కనబడిన చోటగానీ, ఇబ్బంది మొదలైన చోటగానీ ఆగుతారు. రోజుకి 60 మి.గ్రా. సాధారణంగా పైహద్దు, చాలామందికి అంత అవసరం రాదు. బరువుని బట్టి సరైన మోతాదు ముందే చెప్పలేం. ఒకే బరువున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి 10, ఇంకొకరికి 30 పట్టొచ్చు.

ఈ పెంచుకుంటూ వెళ్లడం ఎంత ముఖ్యమో అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లలతో జరిగి, 1999లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో తేలింది. ఒక గుంపుకి మోతాదు జాగ్రత్తగా వెతికి పట్టుకుని, రోజుకి మూడుసార్లు ఇచ్చి, నెలనెలా చూశారు, టీచర్ల మాట విన్నారు. ఇంకో గుంపుని వాళ్ల ఊరి డాక్టర్లకే వదిలేశారు. ఆ రెండో గుంపులో కూడా మూడింట రెండొంతుల మంది ఇలాంటి మందే వాడారు. అయినా పద్నాలుగు నెలలకి మొదటి గుంపే చాలా మెరుగ్గా ఉంది. పరీక్ష ముగిసి ఎవరి దారి వాళ్లదయ్యాక, మూడేళ్ల నాటికి ఆ తేడా మిగల్లేదు. మాత్రతో పాటు దాన్ని చూసుకునే పద్ధతిదీ పెద్ద వాటా.

ఇక టైము. ఈ మాత్ర వేసిన అరగంటకి పని మొదలై, మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. బస్సు ఏడున్నరకని ఏడింటికి వేస్తే పదకొండుకల్లా ఖాళీ. టీచరు పదకొండున్నర పీరియడ్ తీసుకునే ఆవిడైతే ఆవిడకి తేడా ఎలా కనబడుతుంది? అందుకే ‘ఎలా ఉంది?’ అని కాకుండా ‘రెండో పీరియడ్‌లో ఎలా ఉంది, అయిదో పీరియడ్‌లో ఎలా ఉంది?’ అని అడగండి. మధ్యాహ్నం మాత్ర ఎవరిస్తున్నారు? పిల్లే గుర్తుపెట్టుకుని వేసుకోవాలంటే, మర్చిపోవడమే జబ్బైన పిల్లకి ఆ బాధ్యత ఇచ్చినట్టు. బ్యాగు అడుగున మాత్రలు దొరకడం అరుదేమీ కాదు. ఇలాంటప్పుడు పొద్దున ఒకేసారి వేసే, రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేసే మాత్రకి మార్చమని అడగండి. దాన్ని నలగ్గొట్టకూడదు, నమలకూడదు. పగిలితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

ఆకలి తగ్గడం ఈ మందు వల్ల ఎక్కువగా వచ్చే ఇబ్బంది. మధ్యాహ్నం బాక్సుతో యుద్ధం చెయ్యకండి, ఓడిపోతారు. మాత్రకి ముందు, ఆకలి చావకముందే గట్టిగా పెట్టండి: రెండు ఇడ్లీలతో సరిపెట్టకుండా పెసరట్టు ఉప్మా, గుడ్డు, గ్లాసు పాలు. బాక్సులో కొంచెమే పెట్టి, అది బలమున్నదై ఉండేట్టు చూడండి, వేరుశనగ ఉండలో నువ్వుల ఉండలో పర్వాలేదు. సాయంత్రం మందు దిగాక అసలు భోజనం, పడుకునే ముందు పాలు, అరటిపండు. పదేళ్లు దాటిన పిల్లలకంటే అంతకంటే చిన్నవాళ్లలో బరువు తరచుగా చూడాలి, కనీసం మూడు నెలలకోసారి, ఒకే త్రాసు మీద. ఎత్తు ఆరు నెలలకోసారి. నాడి, రక్తపోటు మోతాదు మార్చిన ప్రతిసారీ, తర్వాత ఆరు నెలలకోసారి. మీ డాక్టరు బీపీ పట్టీ తియ్యకుండానే చీటీ రాసేస్తుంటే అడగండి, మొహమాటపడొద్దు.

అయిదింటి ఏడుపుని గడియారంతో చూడాలి. మాత్ర వేసిన గంటా రెండు గంటలకి, అంటే మందు బాగా ఎక్కిన వేళ పిల్ల డల్‌గా, ఏడుపుమొహంతో, బొమ్మలా ఉంటే మోతాదు ఎక్కువైందని. మందు దిగిపోతున్న వేళ ఏడిస్తే అది దిగుడు చిరాకు. మీరు రాసిన వేళని బట్టి రెండోదే అనిపిస్తోంది. ఎక్కువ సేపు పనిచేసే రకానికి మారితే ఇది తరచు సర్దుకుంటుంది. కొందరికి సాయంత్రం చిన్న మోతాదు జోడిస్తారు గానీ ఆలస్యమైతే నిద్ర చెడుతుంది. ఈలోగా అయిదింటికి ట్యూషన్ పెట్టకండి. తిండి పెట్టి, ముప్పావుగంట ఆడుకోనివ్వండి. ఒక కాగితం మీద వారం రోజులు మాత్ర టైము, తిన్న టైము, ఏడ్చిన టైము రాయండి. డాక్టరుకి ఏ స్కానూ ఇవ్వలేని సమాచారం అది.

సరైన మోతాదులో ఆరు వారాలు వాడినా ఫలితం లేకపోతే అప్పుడు మార్చాలి. తర్వాతి మందుగా మన దగ్గర ఎక్కువగా రాసేది ఆటమాక్సెటిన్. కిలోకి 0.5 మి.గ్రా.తో మొదలెట్టి 1.2 దాకా తీసుకెళ్తారు, మీ అమ్మాయి బరువుకి సుమారు 14తో మొదలై 34 దగ్గరికి, అందుబాటులో ఉన్న కాప్సూళ్లని బట్టి అటూ ఇటూగా. ఇది మాత్ర వేసిన రోజే కనబడే మందు కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో వారంలో వికారం మాత్రమే కనబడి మానేసేవాళ్లే ఎక్కువ. తిన్నాక వేస్తే వికారం తగ్గుతుంది. కాప్సూల్ విప్పి పొడి కలపొద్దు, కళ్లలో పడితే మంట. మొదటి నెలల్లో పిల్ల చచ్చిపోవాలని ఉందన్నా, ఎన్నడూ లేనంత దిగాలుగా ఉన్నా, కళ్లు పచ్చబడినా అదే రోజు డాక్టరుకి చెప్పాలి. ఇవి అరుదు, కానీ తెలిసి ఉండాలి. క్లోనిడిన్ అనే ఇంకో మందు రాస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: దాన్ని హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఎగబాకుతుంది. నెమ్మదిగా తగ్గించే మానాలి.

ప్రశ్న: మనవడికి పదేళ్లు. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందు జాతిదని, అలవాటైపోతుందని, గుండె పాడవుతుందని, ఎత్తు ఎదగడని చెప్పుకుంటున్నారు. జీవితాంతం వాడాలా?
– ఒక తాతగారు, ఉక్కునగరం

జవాబు: చట్టం దృష్టిలో అది నియంత్రిత మందే, కాబట్టి మీ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. కానీ నోటి ద్వారా, రాసిన మోతాదులో వాడిన పిల్లలు తర్వాత మత్తుకి అలవాటుపడడం ఎక్కువైందని పరిశోధనల్లో కనబడలేదు. మాత్రలు మాత్రం పెద్దవాళ్ల దగ్గర తాళంలో ఉండాలి, పంచిపెట్టుకోకూడదు.

గుండె విషయంలో మూడు ప్రశ్నలకి జవాబు కావాలి. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరైనా నలభైలోపే హఠాత్తుగా పోయారా? పిల్లాడు ఆటలో ఎప్పుడైనా స్పృహ తప్పాడా? తోటిపిల్లలకంటే త్వరగా ఆయాసపడతాడా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా ముందు ఈసీజీ, గుండె డాక్టరు. అన్నిటికీ ‘లేదు’ అయితే ఈసీజీ తప్పనిసరి కాదు. ఎత్తు నిజమే, కొంచెం తగ్గొచ్చు. ఏళ్ల తరబడి ఆపకుండా వాడినవాళ్లలో ఒకట్రెండు సెంటీమీటర్ల లెక్క. ఎదుగుదల చార్టు మీద గీత కిందికి జారుతుంటే వేసవి సెలవుల్లో ఆపి చూడటం ఒక మార్గం. జీవితాంతమా అన్నది ఎవరూ ఇప్పుడే చెప్పలేరు. ఏడాదికోసారి, పరీక్షలు లేని రోజుల్లో ఆపి చూసి, టీచరుని అడిగి, అవసరముంటేనే కొనసాగిస్తారు.

ప్రశ్న: ఒక సెంటరువాళ్లు నలభై సిట్టింగుల న్యూరోఫీడ్‌బ్యాక్ ప్యాకేజీ చెప్పారు, మందు అక్కర్లేదట. బంధువులు బ్రాహ్మి ఇమ్మంటున్నారు, చక్కెర మానిపించమంటున్నారు. ఏది నిజం?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: డబ్బు ఖర్చయ్యే క్రమంలో చూద్దాం. మెదడు తరంగాలని తెర మీద చూపిస్తూ, వాటిని అదుపు చేసుకోవడం నేర్పించేది న్యూరోఫీడ్‌బ్యాక్. న్యూరోఫీడ్‌బ్యాక్‌లో పిల్లాడికి చికిత్స జరుగుతోందని తెలిసిన తల్లిదండ్రులు ‘బాగుంది’ అంటారు. ఆ సంగతి తెలియని టీచర్లు, పరిశీలకులు కొలిచినప్పుడు ఆ లాభం దాదాపు మాయమవుతుంది. మేమైతే ఆ డబ్బు తల్లిదండ్రుల శిక్షణకి పెట్టమంటాం. ఆక్యుపేషనల్ థెరపీ చేతిరాత, బొత్తాలు పెట్టుకోవడం లాంటివాటికి పనికొస్తుంది, ధ్యాసకి కాదు. ఒమేగా 3 నూనెల ప్రభావం ఉన్నా చాలా చిన్నది, మందుకి బదులు కాదు. బ్రాహ్మి పనిచేస్తుందనడానికి గట్టి పరీక్షలు లేవు. అందులో ఏం కలిసిందో తెలియని పొడులు, భస్మాలు పిల్లలకి ఇవ్వొద్దు. సీసం ఉంటే మెదడుకే చేటు.

చక్కెర సంగతి సరదాగా ఉంటుంది. 1994లో వెలువడిన ఒక పరీక్షలో అయిదు నుంచి ఏడేళ్ల అబ్బాయిలందరికీ చక్కెర లేని తీపి పానీయమే ఇచ్చి, సగం మంది తల్లులకి మాత్రం ‘చక్కెర ఇచ్చాం’ అని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు మిగతావాళ్లకంటే ఎక్కువ అల్లరిగా కనబడ్డారు! పళ్లకోసం, ఒంటికోసం తీపి తగ్గించండి, ఏడీహెచ్‌డీ కోసం కాదు. కృత్రిమ రంగులది వేరే లెక్క. 2007లో బ్రిటన్‌లో వెలువడిన పరీక్షలో కొన్ని రంగులూ, నిల్వ ఉంచే సోడియం బెంజోయేటూ కలిపి ఇస్తే కొందరు పిల్లల్లో అల్లరి కొంచెం పెరిగింది. ఐరోపాలో 2010 నుంచి ఆ రంగులున్న ప్యాకెట్ల మీద హెచ్చరిక వేస్తున్నారు. బీచ్ రోడ్డులో ఎర్రగా మెరిసే ఐస్ గోళా మానేస్తే నష్టమేమీ లేదు. పిల్లాడు పాలిపోయి ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువుంటేనే ఐరన్ ఇవ్వండి.

ప్రశ్న: నేను టీచర్ని. క్లాసులో 42 మంది. అందులో ఒకడికి ఏడీహెచ్‌డీ. ప్రత్యేకంగా చూడమంటే నా వల్ల అయ్యే పనేనా?
– ఒక ఉపాధ్యాయిని, మద్దిలపాలెం

జవాబు: రోజుకి అయిదు నిమిషాలు ఇవ్వగలిగితే అవుతుంది. చిన్న లక్ష్యాలు రాసి, టిక్కులు పెట్టి రోజూ ఇంటికి పంపే రోజువారీ కార్డు అనేది బడిలో పనిచేస్తుందని బాగా రుజువైన పద్ధతుల్లో ఒకటి. ముందు మూడు నాలుగు రోజులు ఏమీ మార్చకుండా లెక్కపెట్టండి: గంటలో ఎన్నిసార్లు అడక్కుండా లేచాడు, ఎన్ని లెక్కలు పూర్తిచేశాడు. ఎనిమిదిసార్లు లేస్తున్నవాడికి ‘ఒక్కసారి కూడా లేవకూడదు’ అని రాస్తే మొదటిరోజే కార్డు చచ్చిపోతుంది. ‘ఆరుకి మించకుండా’ అని రాయండి. పదిరోజుల్లో ఏడెనిమిది రోజులు గెలిచేట్టు ఉండాలి, గెలుస్తున్న కొద్దీ బిగించాలి. మూడు నాలుగు లక్ష్యాలకి మించొద్దు. ‘బుద్ధిగా ఉండాలి’ అన్నది లెక్కకి అందదు, అది వద్దు. పీరియడ్ చివర అవును, కాదు అని టిక్కు పెట్టి, ఒక్క మాట చెప్పండి చాలు. బహుమతి ఇంట్లోవాళ్లది: అయిదు టిక్కులకి అరగంట క్రికెట్, ఏడుకి ఇంకేదో. కార్డు ఇంటికి చేరినా బహుమతి అందకపోతే రెండో వారానికి కార్డు పోగొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు పిల్లాణ్ని కాదు, ఇంట్లోవాళ్లని అడగాలి.

కూర్చునే చోటు ముందు వరస, కిటికీకీ తలుపుకీ దూరంగా. పది లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా అయిదు ఇచ్చి, మీ దగ్గరికి తెచ్చి చూపించమనండి. లేచి తిరగాలన్న వాడి కోరికా తీరుతుంది. శిక్షగా ఆటల పీరియడ్ మాత్రం కొయ్యకండి.

ప్రశ్న: మూడు మెడికల్ షాపులు ‘ఈ మందు మా దగ్గర ఉండదు’ అని పంపేశాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?
– ఒక తండ్రి, కంచరపాలెం

జవాబు: వద్దు. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపే అమ్మాలి. డాక్టరు చీటీ రెండు కాపీలుగా రాయాలి, ఒకటి షాపువాళ్లు తీసుకుని రెండేళ్లు దాచాలి. చీటీ లేకుండా గానీ, ఒకే కాపీతో గానీ ఇచ్చేస్తామన్నవాళ్ల దగ్గరా కొనొద్దు. ఏ షాపులో దొరుకుతుందో మందు రాసినచోటే అడిగి రాయించుకోండి, షాపుకి ముందు ఫోన్ చేసి వెళ్లండి. వారానికి సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి చీటీ తీసుకోండి, ముఖ్యంగా పండగ సెలవుల ముందు. ఊరు వెళ్లేటప్పుడు మాత్రలు వాటి షీటులోనే, చీటీ కాపీతో పాటు ఉంచండి. పిల్లల్ని తీసుకుని గల్ఫ్ వెళ్లేవాళ్లు ఆ దేశపు ముందస్తు అనుమతి గురించి టికెట్టు కొనకముందే కనుక్కోవాలి.